ఇంట్లో దూడను పెంచుకోవాలంటే: ఏ దూడ, ఏ వయసు, ఎన్ని?

దూడను పెంచుకుందాం అనుకోగానే దాదాపు అందరి మనసులో మెదిలేది ఒకటే బొమ్మ. నాలుగైదు రోజుల లేగదూడ, సీసాతో పాలు పడుతున్న పిల్లలు, ఇంటి వెనక కాస్త జాగా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉన్న దారులన్నిటిలో కష్టమైనది ఇదే. ఆ దూడ ఒంటరిది, మగది కూడా అయితే రేపు ప్రమాదకరం కూడా అవుతుంది. చాలా కుటుంబాలకు నప్పేది వేరే ఉంది: పాలు మానేసిన, ఒకే ఈడు రెండు దూడలు. చిన్న జాతివైతే మంచిది. మగవైతే విత్తులు కొట్టించినవే తీసుకోవాలి. ఎందుకలా అంటున్నానో, ఎవరికి ఇది కూడా నప్పదో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు చూడాల్సింది దూడను కాదు, దాని తల్లిని

దూడతనం కొన్ని నెలల ముచ్చట. ఆ తర్వాత బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతికే పశువు మీ దగ్గర ఉంటుంది. అంటే మీరు ఎంచుకుంటున్నది నిజానికి ఆ పెద్ద పశువును.

బాగా పాలిచ్చే పెద్ద జాతి హోల్‌స్టీన్ దూడ పుట్టినప్పుడు సుమారు 40 కిలోలు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 300 కిలోల దరిదాపుకు వస్తుంది. పెద్దయ్యాక ఆవు 600 నుంచి 700 కిలోలు తూగుతుంది, మగది ఇంకా పెరుగుతుంది. ఈ జాతి దూడలే ఎక్కువగా దొరుకుతాయి, ఎందుకంటే పాల డెయిరీలకు మగదూడలతో పని ఉండదు. సులభంగా దొరుకుతోంది కదా అని తెచ్చుకుని, రెండేళ్లకి ఏం చేయాలో తెలియక తల పట్టుకునేవాళ్లు ఉంటారు. జెర్సీ కాస్త నయం, ఆవు 400 నుంచి 500 కిలోల మధ్య ఆగుతుంది. ఐర్లండ్ నుంచి వచ్చిన డెక్స్‌టర్ ఇంకా చిన్నది, ఎత్తు మీటరు దరిదాపు, బరువు 300 నుంచి 350 కిలోలు. మరీ పొట్టి జాతుల్లో పుంగనూరు, వేచూరు ముందుంటాయి. పుంగనూరు 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, 115 నుంచి 200 కిలోల బరువు ఉంటుంది. వేచూరు ఆవు 90 సెంటీమీటర్లకు అటూ ఇటూ, 130 కిలోల దాకా ఉంటుంది.

ఈ బరువు లెక్కంతా ఎందుకంటే, మేతా నీళ్లూ పేడా అన్నీ దాన్ని బట్టే ఉంటాయి. పశువు రోజుకు తన బరువులో రెండు, రెండున్నర శాతం ఎండుమేత లెక్కన తింటుంది. పేడ, మూత్రం కలిపి బరువులో 6 శాతం దాకా వేస్తుంది, పాలిచ్చేదైతే ఇంకా ఎక్కువ. 150 కిలోల పశువైతే రోజూ తొమ్మిది కిలోల దాకా ఎత్తిపోయాలి. 600 కిలోలదైతే 36 కిలోలు. పండగైనా, వానైనా, మీకు జ్వరమొచ్చినా అది ఆగదు.

'మినీ' అనే మాటను మాత్రం నమ్మకండి. పుట్టిన ప్రతి దూడా చిన్నదే. తల్లిని, వీలైతే తండ్రిని కూడా చూపించమనండి, భుజం దగ్గర ఎత్తు కొలవండి. చూపించలేమంటే ఆ బేరం వదిలేయండి. మరీ పొట్టి చేయాలని తరతరాలుగా దగ్గరి రక్తంలోనే దాటించిన, అంటే జతకట్టించిన వాటిలో కాళ్ల వంకరలు, ఈనేటప్పుడు ఇబ్బందులు కనిపిస్తాయి. అందుకే బాగా నడుస్తోందా లేదా అన్నది ఎత్తుకంటే ముందు చూడాలి.

గేదె దూడ సంగతి? గేదెలు మనుషులతో బాగా మాలిమి అవుతాయి, అందులో సందేహం లేదు. కానీ వాటి చర్మం నలుపు, చెమట గ్రంథులు తక్కువ. ఎండకు తట్టుకోవాలంటే పడుకోవడానికి నీటిమడుగో బురదగుంటో, లేదంటే రోజుకు రెండుమూడుసార్లు ఒళ్లు తడపడమో తప్పదు. పైగా గేదె దూడల్లో తల్లిపాల ద్వారానే పెద్ద నట్టలు (పేగుల్లోని పురుగులు) వస్తాయి, పుట్టిన రెండు మూడు వారాల్లోపే మందు పట్టించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నీటి వసతి బాగా ఉన్నవాళ్లే గేదె జోలికి వెళ్లాలి.

పెయ్యా, కోడెదూడా?

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. పెయ్య అయితే సాధువు, పైగా రేపు పాలిస్తుంది అనుకుంటారు. కోడెదూడ అయితే 'చిన్నప్పట్నుంచీ మన చేతిలో పెరిగింది, మనల్నేం చేస్తుంది' అంటారు. ఈ రెండోది పెద్ద అపోహ.

విత్తులు కొట్టించని మగదూడను ఒంటరిగా, సీసాపాలతో, మనుషుల మధ్యే పెంచారనుకోండి. అది మనుషుల్ని తన మందగానే లెక్కేసుకుంటుంది. వయసుకొచ్చాక కోడెలు తమ మందలో ఎవరు పైచేయో తేల్చుకుంటాయి. అప్పుడు ఈ కోడెకి ఎదురయ్యేది మీరే. ఒంటరిగా పెంచిన కోడెలనూ గుంపులో పెంచిన కోడెలనూ పోల్చి చూసిన పరిశోధనల్లో ఒంటరివే మనుషుల మీదికి ఎక్కువగా వచ్చాయి. మనిషంటే బెదురు లేకపోవడమే దాన్ని ప్రమాదకరం చేస్తుంది. అడవి కోడె పారిపోతుంది, ముద్దుగా పెరిగిన కోడె పారిపోదు. పాడి జాతుల కోడెలు ఈ విషయంలో మరీ పేరు పడ్డవి. అందుకే పిల్లలున్న ఇంట్లో విత్తులున్న కోడె వద్దే వద్దు. 'కొంచెం పెద్దయ్యాక చూద్దాం' అనే బేరం కూడా పెట్టుకోకండి. మూడు నెలల్లోపే పశువుల డాక్టరుతో, మత్తు ఇచ్చి, నొప్పి తగ్గే మందుతో ఆ పని చేయించాలి. కొమ్ములు వద్దనుకుంటే కొమ్ము మొలక కాల్పించడం కూడా అప్పుడే, మొదటి రెండు నెలల్లోపే. తర్వాతైతే కొమ్ము పుర్రెకు అతుక్కుపోతుంది, అదొక ఆపరేషన్ అవుతుంది. పుట్టుకతోనే కొమ్ములుండని బోడి దూడ దొరికితే ఈ గొడవే లేదు.

విత్తులు కొట్టించిన మగదూడే నా లెక్కలో మొదటి ఎంపిక. ఎద ఉండదు, చూడి ఉండదు, ఈనడం ఉండదు. నెమ్మదిగా ఉంటుంది. పెయ్య కంటే కాస్త పొడుగు, బరువు పెరుగుతుంది, అదొక్కటే లోపం. జాతిని చిన్నగా ఎంచుకుంటే అదీ సర్దుకుంటుంది.

పెయ్య సంగతికి వద్దాం. చాలా జాతుల పెయ్యలు ఏడాది అటూ ఇటూ ఎదకు వస్తాయి, కొన్ని ముందే వస్తాయి. ఆ తర్వాత సుమారు 21 రోజులకోసారి ఒక పూటో రోజంతానో ఎద ఉంటుంది. అప్పుడు అరుపులు, కంచె దాటే ప్రయత్నాలు, పక్క పశువు మీదికి ఎక్కడాలు. పక్కన పశువు లేకపోతే బాగా మాలిమైన పెయ్య మనిషి మీదికే ముందుకాళ్లెత్తుతుంది. 300 కిలోల పశువు ముద్దుగానే ఎక్కినా ముద్దు కాదు. ఆ పూట పిల్లల్ని దాని దగ్గరికి పంపకూడదు.

ఇక పాలు. ఈనకుండా ఏ ఆవూ పాలివ్వదు. ఈ మాట తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారో చెప్తే నమ్మరు! పాలు కావాలంటే దాటించాలి, తొమ్మిది నెలల పైన మోయాలి, ఈనాలి, ఆ తర్వాత రోజూ రెండుపూటలా పితకాలి. ఇంకో దూడ కూడా వస్తుంది, అది కోడెదూడ అయితే మళ్లీ పై కథంతా మొదలు. ఇదంతా ఇష్టమైతే చేయండి, తప్పేం లేదు. కాకపోతే అది పెంపుడు జంతువు కాదు, చిన్న పాడి. పొట్టి జాతి పెయ్యను పెద్ద జాతి ఆబోతుతో దాటిస్తే దూడ అడ్డం పడి తల్లి ప్రాణం మీదికి రావచ్చు.

చాలామందికి తెలియని ఎంపిక ఇంకొకటుంది. మగదూడతో కవలగా పుట్టిన పెయ్య. కడుపులో ఇద్దరి రక్తం కలిసి మగ హార్మోన్లు చేరడం వల్ల ఇలాంటి పెయ్యల్లో 90 శాతానికి పైగా గొడ్డువే అవుతాయి. పాడివాళ్లకు అది పనికిరాదు, ఎవరైనా తీసుకెళ్తే బాగుండు అని చూస్తుంటారు. పాల మీద ఆశలేని మీకు మాత్రం బాగా పనికొస్తుంది. ఆ కవలల్ని ఇద్దర్నీ, మగదానికి విత్తులు కొట్టించి, కలిపి తెచ్చుకుంటే తోడు సమస్య కూడా తీరిపోతుంది.

లేగదూడా, పాలు మానేసిందా?

లేగదూడ రోగనిరోధక శక్తి లేకుండా పుడుతుంది. తల్లి ముర్రుపాల నుంచే అది రావాలి. దూడ పేగు ఆ రక్షక పదార్థాలను పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే, అందులోనూ మొదటి కొన్ని గంటలే బలం. తన బరువులో పదో వంతు ముర్రుపాలు ఆ సమయంలో కడుపులో పడాలి. అది జరిగిందో లేదో నాలుగో రోజు దూడను తెచ్చుకునే మీకు కంటికి కనిపించదు. మొదటి వారంలో రక్తపరీక్షతో డాక్టరు అంచనా వేయగలరు, అడిగి చేయించండి. ముర్రుపాలు అందని దూడకు మూడు నాలుగు వారాల్లోపు పారుడు పట్టుకుంటే, ఒంట్లో నీరు పోయి ఒక్క రోజులో చేయి దాటిపోతుంది. పిల్లల కళ్లముందు అది జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

అయినా లేగదూడే కావాలనుకుంటే పని ఇలా ఉంటుంది. పాలు రోజుకు దాని బరువులో కనీసం పదో వంతు. ఇప్పటి సలహా అయితే అంతకంటే ఎక్కువే ఇవ్వమని. రెండు మూడు పూటలుగా, ఒంటి వేడికి సమానంగా, అంటే 38, 39 డిగ్రీల వెచ్చదనంతో. సీసాను తల్లి పొదుగుండే ఎత్తులోనే పట్టుకోవాలి. మెడ చాచి చప్పరించినప్పుడే పాలు మొదటిదైన పెద్దపొట్టలోకి పోకుండా, అరిగే నాలుగో పొట్టలోకి నేరుగా పోతాయి. గొట్టంతోనో గ్లాసుతోనో గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. మొదటి వారం నుంచే శుభ్రమైన నీళ్లు, గుప్పెడు దూడదాణా ముందుండాలి. దాణా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలే పెద్దపొట్టను తయారుచేస్తాయి. పాలే పట్టుకుంటూ పోతే దూడ బొద్దుగా కనిపిస్తుందే కానీ పొట్ట ఎదగదు. వరసగా మూడు రోజులు కిలో చొప్పున దాణా తిన్నాక, సుమారు ఎనిమిది వారాలు దాటాక, పది రోజులపాటు పాలు తగ్గిస్తూ మాన్పించాలి. పాలు అయిపోయాక కూడా పది పదిహేను నిమిషాలు దూడకు చప్పరించే కోరిక ఉంటుంది. రబ్బరు చన్ను వదిలేయకపోతే పక్కదాని చెవో బొడ్డో పట్టుకుంటుంది.

దీన్నంతా పట్టించుకునే మనిషి ఇంట్లో రెండు నెలలపాటు ఉంటే లేగదూడ సరే. లేకపోతే మూడు నాలుగు నెలల దూడ తీసుకోండి. అందులోనూ ఒక రకాన్ని వెతకమంటాను: మనుషుల చేతి పాలు తాగి, కానీ మిగతా దూడల గుంపులో పెరిగింది. దానికి మనిషంటే భయం ఉండదు, తను పశువునన్న సంగతీ తెలుసు. తల్లి వెంటే ఆరేడు నెలలు తిరిగిన దూడ మాత్రం కొత్తవాళ్లకు కష్టం. పెద్ద జాతిదైతే అప్పటికి 150 కిలోలు దాటి ఉంటుంది, తాడు చూస్తే బెదురుతుంది, బెదిరితే మిమ్మల్నీ ఈడ్చుకుపోతుంది.

చిన్నపిల్లలున్న ఇంటికి ఇంకో మాట. నాలుగైదేళ్ల వయసున్న, స్వభావం తేలిపోయిన, మనుషులకు అలవాటైన ఎద్దో గొడ్డు ఆవో దొరికితే దూడకంటే అదే నయం. దూడ ఎలా తయారవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్దది ఎలాంటిదో ఒక పూట దగ్గరుంటే తెలిసిపోతుంది. ముద్దు తక్కువ, అంతే.

ఒకటి చాలదా?

చాలదు. పశువు మంద జంతువు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో, 2008 నాటి ఆదేశం ప్రకారం, పాకల్లో కూడా ఎనిమిది వారాలు దాటిన దూడను విడిగా ఒంటరి గదిలో ఉంచకూడదు, డాక్టరు చెబితే తప్ప. జతగా పెరిగిన దూడలు దాణా త్వరగా తింటాయి, కొత్త వస్తువుకీ కొత్త చోటుకీ తక్కువ బెదురుతాయి. ఒంటరి దూడ రోజుల తరబడి అరుస్తుంది, కంచె తోసుకుంటుంది, మీరు ఇంట్లోకి వెళ్లగానే మళ్లీ అరుస్తుంది. పొరుగువాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, మేత ఎలా మేయాలో, ఏ ఆకు వదిలేయాలో దూడలు తోటి పశువుల్ని చూసే నేర్చుకుంటాయి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్నది ఊరికే పుట్టిన సామెత కాదు. రెండో దూడకు నిజంగా వీల్లేకపోతే మేకో గొర్రో తోడుంచండి. అది సగం పరిష్కారమే, కానీ ఏమీ లేకపోవడం కంటే నయం. కుక్క తోడు కాదు.

తల నిమరకండి

ఏ దూడను తెచ్చుకున్నా ఈ ఒక్కటి ఇంటిల్లిపాదీ పాటించాలి. నుదురు గోకడం, కొమ్ము మొలకల దగ్గర నెట్టడం, 'ఏదీ కుమ్ము చూద్దాం' అని అరచేయి అడ్డం పెట్టడం, ఇవన్నీ దూడకు కుస్తీ పాఠాలు. 40 కిలోలప్పుడు అందరూ నవ్వుతారు. అదే ఆట 400 కిలోలతో ఆడితే పక్కటెముకలు విరుగుతాయి, దానికి మాత్రం అది ఇంకా ఆటే. బదులుగా మెడ కింద, గంగడోలు దగ్గర, మూపు మీద గోకండి. పశువులు ఒకదాన్నొకటి నాక్కునేది అక్కడే. మెడ చాచి కళ్లు అరమూస్తే సరైన చోటు దొరికినట్టే.

తలతాడు వేసి నడిపించడం రెండు నాలుగు నెలల మధ్య నేర్పాలి, మీ బలం దానికంటే ఎక్కువున్నప్పుడే. జేబులోంచి తినుబండారాలు తీసి పెట్టే అలవాటు వద్దు, తర్వాత జేబు కోసం మనిషినే తోస్తుంది. వెనక నుంచి చప్పుడు లేకుండా వెళ్లకూడదని పిల్లలకు చెప్పండి. పశువుకు చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కానీ సరిగ్గా వెనక కనిపించదు, అక్కడ ఉలిక్కిపడితే తన్నుతుంది.

పారుడు పట్టిన దూడ నుంచి మనుషులకూ విరేచనాలు అంటుకుంటాయి, చర్మానికి తామర అంటుకుంటుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దూడ పాలసీసా ఇంటి గిన్నెలతో కలపకూడదు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో లేగదూడను వద్దనే అంటాను. వాళ్లు దగ్గరికి రాకుండా ఆపడం ఎంత టెన్షనో మీకే తెలుసు.

చోటు, డాక్టరు, అనుమతి

ఈ మూడింట్లో ఏది లేకపోయినా దూడ ఆలోచన ఆపేయండి. పశువులకు వైద్యం చేసే డాక్టరు పిలిస్తే వచ్చే దూరంలో ఉండాలి. కుక్కలు, పిల్లుల క్లినిక్ ఉంటే సరిపోదు. మీరుండే చోట పశువును ఉంచుకోవచ్చా, చెవిపోగు వేయించి నమోదు చేయించాలా, ఏ టీకాలు తప్పనిసరి అన్నవి ముందే కనుక్కోండి. పాకలో చిన్న జాతి పెద్ద పశువుకు నాలుగైదు చదరపు మీటర్లు, పెద్ద జాతికి దానికి రెట్టింపు పొడినేల కావాలి. తిరగడానికి బయట చోటు వేరే.

ఆ చోటును ఒకసారి వంగి నడిచి చూడండి. పశువు నాలుకతో చుట్టి లాగేసి మింగుతుంది, ఏరుకుని తినదు. మేకులు, తీగముక్కలు పొట్టలో గుచ్చుకుని గుండె దాకా వెళ్తాయి. ప్లాస్టిక్ సంచులు పొట్టలోనే పేరుకుపోతాయి. పారేసిన బ్యాటరీలు, పాత రంగులు వేసిన తలుపులు నాకితే సీసం విషం ఎక్కుతుంది, దూడల్లో ఇది మరీ ఎక్కువ. గన్నేరు ఒక్క కొమ్మ కూడా దరిదాపుల్లో ఉండకూడదు.

ఇవన్నీ కుదరనివాళ్లకు రెండు మేకలో గొర్రెలో తేలిక దారి. పేడ తక్కువ, నెట్టినా నష్టం తక్కువ, పిల్లలతో ఆట ఎక్కువ. మేకలకు మాత్రం కంచె గట్టిది కావాలి, చెట్ల మీద ఆశ వదులుకోవాలి. పశువంటేనే ప్రేమ అయితే, వదిలేసిన పశువుల్ని చూసుకునే ఆశ్రయాల్లో వారానికో పూట సాయం చేయడం మంచి మొదలు. అక్కడ ఓ వానాకాలం పేడ ఎత్తాక కూడా దూడ కావాలనిపిస్తే, మీకు కావాల్సిందే.

తీసుకునే రోజు

దూడ పడుకునుంటే లేపించి చూడండి. లేవగానే ఒళ్లు విరుచుకుంటే మంచి గుర్తు. కళ్లు లోపలికి పోయి ఉండకూడదు. మెడ మీది చర్మం పట్టుకుని వదిలితే వెంటనే సర్దుకోవాలి, నెమ్మదిగా వెళ్తే ఒంట్లో నీరు తగ్గింది. తోక, వెనక కాళ్లు పొడిగా ఉండాలి. బొడ్డు తడిమితే పొడిగా, సన్నగా ఉండాలి, లావుగా వేడిగా ఉంటే చీము. మోకాళ్ల వాపు, దగ్గు, ముక్కు కారడం ఉంటే ఎంత జాలేసినా వదిలేయండి. జాలితో తెచ్చిన రోగిష్టి దూడ మొదటిసారి పెంచేవాళ్ల చేతిలో బతకడం కష్టం.

అక్కడ ఏ దాణా, ఏ పాలపొడి, ఏ వేళకు ఇస్తున్నారో రాసుకుని, వారానికి సరిపడా అదే దాణా వెంట తెచ్చుకోండి. కొత్త చోటు, కొత్త మేత ఒకేసారి అయితే పారుడు ఖాయం. వేసిన టీకాలు, పట్టించిన నట్టల మందు తేదీలు కాగితం మీద తీసుకోండి. ఇంట్లో ఇప్పటికే పశువులుంటే కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరుగా కట్టేయండి, ఆ జతను మాత్రం విడదీయకుండా.